పడటం నేర్పిన ఆపా

పోయిన వారం జమ్మలమడుగు రోడ్డులో సైకిలు మీద నుంచి పడ్డాను. ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చిన సిమెంటు లారీ ఒకటి నా పక్కగా దూసుకుపోయి రోడ్డంతా బూడిద చల్లింది. కళ్ళు మూసి తెరిచేలోగా ముందు చక్రం గుంతలో ఉంది, నేను గాలిలో ఉన్నాను. ఆ తర్వాత జరిగిందంతా నా ఒళ్ళు తనంతట తాను చేసింది. చేతులు హ్యాండిలును వదిలేశాయి. గడ్డం రొమ్ముకు ఆనింది. ముందు భుజం తగిలింది, తర్వాత వీపు, ఒక్క పొర్లు పొర్లి, చూసుకుంటే రోడ్డు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాను. చున్నీకి దుమ్ము అంటింది, అంతే.

అక్కడ చెరుకురసం బండి పెట్టుకున్న ఆమె నీళ్ళచెంబుతో పరిగెత్తుకొచ్చింది. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడా రక్తం కనపడకపోయేసరికి ఆమెకు అనుమానం వచ్చింది. "ఏం మే, ముందు సర్కస్‌లో ఏమన్నా పనిచేసినావా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపు కూడా వచ్చింది. దెబ్బ లేకుండా ఏడ్చేదాన్ని చూసి ఆమె ఇంకా కంగారు పడి రెండు గ్లాసులు చెరుకురసం తాగించింది.

ఆపా గుర్తొచ్చి ఏడ్చాను. ఆ పడటం ఆపా చూసి ఉంటే మెచ్చుకునేదని అనుకోకండి. కాళ్ళు అంతంత దూరం చాపాల్నా, దావకు అడ్డంగా పందిరేస్తాండావా అని తిట్టి ఉండేది.

ఆపా అంటే అక్క. ప్రొద్దుటూరులో మా వీధంతా, ఆమె కంటే పెద్దవాళ్ళతో సహా, ఆమెను ఆపా అనే పిలిచేది. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆమె పోయి ఏడాది కావస్తోంది. సైకిలు మీద నుంచి పడి పోయిందా అని అడిగేవాళ్ళు ఉంటారు గనక ముందే చెప్తున్నాను, కాదు. జ్వరం వచ్చి పోయింది. తన ఇంట్లో, తన మంచం మీద, మేమంతా చుట్టూ కూర్చుని ఉండగా పోయింది. తన ఇంట్లో అన్న మాట ఊరికే రాయలేదు. ఆ ఇంట్లో ఉండటానికి ఆమె పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. అవి పడటమంటే నిజంగా పడటమే.

మనిషి పొట్టి. గుండ్రంగా ఉండేది. దేవుడు తనను పడటానికి సరిపోయే కొలతతోనే చేశాడని ఆమె నమ్మకం. సన్నగా ఉన్నవాళ్ళను చూస్తే జాలిపడేది. కట్టెపుల్లలు పొర్లవు మే, ఇరుగుతాయి అనేది. సైకిలెక్కే ముందు బురఖా అంచు చెయిన్లో పడకుండా బట్టలారేసే క్లిప్పులు పెట్టుకునేది. బజార్లో దిగినాక వాటిని తీయడం ఎప్పుడూ గుర్తుండేది కాదు. కోళ్ళ అంగట్లో ఆ రంగురంగుల క్లిప్పులతోనే నిలబడి బేరమాడేది, అంగడి ఆయన క్లిప్పుల వైపు చూస్తూ ధర తగ్గించేవాడు. సైకిలుకు బెల్లు ఉంది గానీ దాన్ని కొట్టేది కాదు. ముసలోళ్ళు అదిరిపడతారంట. బదులుగా "వస్తాండా, వస్తాండా" అని తానే కేకేసుకుంటూ పోయేది. ఆ కేకకు ముసలోళ్ళు అదిరిపడేది మేం చూసేవాళ్ళం.

సైకిలు ఆమె కువైట్‌లో నేర్చుకుంది. భర్త పోయినాక అక్కడ ఒకరి ఇంట్లో పనికి పోయి చాలా ఏళ్ళు చేసింది. ఆ ఇంటి చిన్నపాపకు సైకిలు నేర్పడానికి ఒక మేడమ్ వచ్చేదంట. ఆ మేడమ్ సైకిలును గోడకానించి, మొదట పాపను పరుపుల మీద పడేసేదంట. పడు, లే, పడు, లే. పక్కన నీళ్ళసీసా పట్టుకుని నిలబడటం ఆపా పని. పాప నేర్చుకుందో లేదో గానీ, సీసా పట్టుకున్నామె పూర్తిగా నేర్చుకుంది. మధ్యాహ్నం ఇంటివాళ్ళు నిద్రపోతే అవే పరుపుల మీద అభ్యాసం చేసేదంట. ఊరికి వచ్చేటప్పుడు అందరూ బంగారం, దుప్పట్లు, సెంటు సీసాలు తెస్తే, ఈమె ఈ విద్య తెచ్చుకుంది.

ఇక ఆమె తమ్ముడి సంగతి. పులివెందులలో అరటికాయల మండీ ఆయనది. తల్లి చిన్నప్పుడే పోతే ఆపాయే ఎత్తుకుని పెంచింది. ఎత్తైన మనిషి, నిండు మీసం, ఏ వేళ చూసినా అప్పుడే ఇస్త్రీ పెట్టె కింద నుంచి వచ్చినట్టుండే తెల్లచొక్కా. అక్కంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే ఆమె ప్రాణం తీసేవాడు. పులివెందులలో తన మిద్దె మీద అక్క కోసం గది కట్టించాడు, ఏసీ పెట్టించాడు, మక్కా బొమ్మ ఉన్న గోడగడియారం కూడా తగిలించాడు. వచ్చి ఉండమని ప్రతి పండక్కీ అడిగేవాడు. గది బాగుందిగానీ పడేదానికి జాగా లేదని ఆపా మాతో అనేది. ఆయనతో మాత్రం ఇంకో పండగ పోనీ అనేది.

చివరికి అక్కాతమ్ముడు ఒక ఒప్పందానికి వచ్చారు. ఆపా తన ఇంట్లోనే ఉండొచ్చు, సైకిలూ తొక్కొచ్చు. దెబ్బ తగిలిన రోజు మాత్రం మారుమాట లేకుండా సామాన్లు సర్దుకుని పులివెందులకు రావాలి. తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి ఆపా ఒప్పుకుంది. ఒప్పుకున్న మరుసటి రోజు తెల్లవారుజాము నుంచే పని మొదలు పెట్టింది.

మాకు తెలిసింది ఇట్లా. రోజూ పొద్దున్నే గోడ అవతల నుంచి ధబ్‌మని శబ్దం. కాసేపాగి మళ్ళీ ధబ్. కారం దంచుతోందనుకున్నాను. రోజూ ఏం కారం అని నాలుగో రోజో ఐదో రోజో స్టూలేసుకుని గోడ మీద నుంచి తొంగిచూశాను. ఆపా వాకిట్లో బొంతలు పరుచుకుని, చేతులు రొమ్ము మీద కట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. నమాజు చేస్తోందేమోనని నేను వెనక్కు తగ్గబోయాను. అంతలో ఆమె పక్కకు ఒరిగి, మూట జారినట్టు జారి, పొర్లి, లేచి కూర్చుంది. కళ్ళు తెరిస్తే గోడ మీద నా తల.

"ఏం మే సూస్తాండావు? నువ్వూ రా, ఒగదాన్నే ఎంతసేపు పడేది."

ఆమె లెక్క ఆమెకుంది. వీధిలో ఒక్కతే పడితే అది వార్త అవుతుంది, ఎవడో ఒకడు పులివెందులకు మోస్తాడు. అందరూ పడుతుంటే ఎవడూ పట్టించుకోడు. అందుకని నన్నూ, ఎదురింటి కోడల్నీ శిష్యురాళ్ళుగా చేర్చుకుంది. ఎదురింటి కోడలు సైకిలు నేర్చుకోవాలనే వచ్చింది పాపం. చాలా రోజులు దానికి సైకిలు కంటికి కూడా ఆనలేదు. మంచం మీద నుంచి పడటం, అరుగు మీద నుంచి పడటం, నడుస్తూ పడటం. వాళ్ళత్త ఒకరోజు వచ్చి చూసి, మా ఇంట్లో పడేదానికి జాగా లేదా ఇంత దూరం రావాల్నా అని అడిగి పోయింది.

పడినాక లేచే ముందు ఆపా నేలను అరచేత్తో మెల్లగా తట్టేది. మన ఇళ్ళల్లో పిల్లోడు పడితే ఏం చేస్తాం? నేలను నాలుగు బాది, కొట్టినా లేప్పా, ఏడ్సగాకు అంటాం. అది ఆమెకు అస్సలు నచ్చేది కాదు. నిన్ను పట్టుకున్నెది అదే గదా, దాన్నే కొడతావేంది అని మా వీధిలో ప్రతి తల్లితోనూ పోట్లాడింది. ఇప్పుడు మా వీధి పిల్లలు పడితే నేలను నిమిరి లేస్తారు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ఇదేం ఆచారమని వింతగా చూస్తారు.

బొంతల మీద పాసైనాక మమ్మల్ని పెన్నకు తీసుకుపోయింది. ఆటో పైన సైకిలు కట్టి, లోపల మేం ముగ్గురం. ఎండాకాలం, ఏట్లో చుక్క లేదు. పెన్నలో నీళ్ళుంటే ఊరికి మంచిది, లేకుంటే మనకు మంచిది అంది ఆపా ఇసుకలోకి దిగుతూ. ఇసుకలో సైకిలు కదలదు, కాబట్టి ఒకరు ఎక్కి కూర్చుంటే ఇద్దరం తోస్తాం, ఆమె పడు అనగానే పడాలి. నేను పడి పొర్లాను, కోడలు పడి పొర్లింది, మాకు చూపించడానికి ఆపా పడి పొర్లింది. గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన ఒకడు కట్టె మీద గడ్డమానించి చాలాసేపు చూశాడు. చూసి చూసి, దగ్గరికొచ్చి, చెప్పులు విడిచి అడిగాడు.

"ఏందమ్మా, మొక్కుబడా? మఠానికి పొర్లుదండాలు పెట్టేదుంటే దావ ఇట్ల గాదు తల్లీ."

ఆయన పాపం బ్రహ్మంగారిమఠం దారి చేత్తో చూపించాడు కూడా. ఆపా లేచి బురఖాలోని ఇసుక దులుపుకుని, యాడైనా ఒకటే పెద్దాయనా, పడాల్సినోళ్ళు పడాల్సిందే అంది. ఆయనకు ఆ మాట చాలా గొప్పగా తోచినట్టుంది. ఆమెకు దండం పెట్టి పోయాడు.

ఆపా నన్ను నిజంగా తిట్టింది ఒకే ఒక్కసారి. నా పుట్టిల్లు జమ్మలమడుగు. మా అమ్మ బస్సులో కండక్టరు చేత నెయ్యి డబ్బా పంపిస్తే తెచ్చుకోవడానికి బస్టాండుకు పోయాను. అప్పటికి సైకిలు వచ్చేసింది నాకు. తిరిగి వస్తుంటే కుక్క అడ్డమొచ్చింది. పడ్డాను. డబ్బా ఉన్న చెయ్యి ఆకాశంలో ఉంది, రెండో మోచెయ్యి రోడ్డులో ఉంది. తోలు లేచిపోయినా సరే, నెయ్యి బొట్టు కూడా ఒలకనందుకు గర్వంగా డబ్బా తీసుకుపోయి ఆపా ముందు పెట్టాను.

ఆమె డబ్బా వైపు చూడనే లేదు. మోచేతికి పసుపు అద్దుతూ మొదలు పెట్టింది. "నెయ్యి మళ్ళా కాంచుకోవచ్చు. మోచెయ్యి కాంచుకుంటావా? మనోళ్ళకు ఇదొక రోగం మే. పడేటప్పుడు చేతిలో ఏముంటే దాన్ని కాపాడుకుంటారు. ఇడిసిపెట్టే బుద్ధి పుట్టదు. ఎముక ఇరిగి కట్టు కట్టిచ్చుకోని, పులుసు మాత్రం ఒలకలేదని మూణ్ణెల్లు చెప్పుకుంటారు."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. మా చిన్నాయన ఒకాయన మజ్జిగ కుండను కాపాడి కాలు విరగ్గొట్టుకున్నాడు, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కుంటుకుంటూ వచ్చి ఆ కుండ సంగతే చెప్తాడు. ఆ మరుసటి రోజు నుంచి ఆపా మా చేతుల్లో స్టీలు గ్లాసులు పెట్టి పడమనేది. పడేముందు గ్లాసు విసిరేయాలి. గ్లాసుల మోత వీధి చివరిదాకా వినపడేది. ఆ నెలంతా నాకూ మా ఆయనకూ గొడవలని వీధిలో అనుకున్నారు, మా ఆయనను ఒకరిద్దరు పక్కకు పిలిచి బుద్ధి చెప్పారు కూడా.

ఇక ఆ రోజు. ఆపా, నేను కూరగాయలకు పోయి వస్తున్నాం. బస్టాండు ముందు పులివెందుల బస్సు నిండి, కదలడానికి సిద్ధంగా ఉంది. దాని ఎదురుగానే, ఎవరో పారేసిన అరటితొక్క మీద, తమ్ముడి మండీ నుంచే వచ్చిందో ఏమో, ఆపా సైకిలు జారింది. నేను వెనకే ఉన్నాను. అంత అందమైన పడటం నేను మళ్ళీ చూడలేదు. వంకాయలు ఒక పక్క, టమాటాలు ఒక పక్క విడిచిపెట్టేసి, నడిమధ్యలో పొర్లి, లేచి కూర్చుని, నేలను తట్టింది. బస్సు కిటికీల నిండా తలకాయలు. బస్సు కదలకముందే పులివెందులకు ఫోను పోయింది.

మధ్యాహ్నానికి తమ్ముడి కారు మా వీధి మొదట్లో ఆగింది. దిగగానే డిక్కీ తెరిచి పెట్టి లోపలికొచ్చాడు. నేనూ ఎదురింటి కోడలూ అప్పటికే ఆపా ఇంట్లో ఉన్నాం. వాళ్ళిద్దరూ మామూలుగా ఉర్దూలో మాట్లాడుకునేవారు, మేముంటే తెలుగులోకి వచ్చేవారు. ఆయన అక్క చేతులు రెండూ తిప్పి చూశాడు. మోచేతులు చూశాడు. ఒక్క గీత కూడా లేదు. ఆ గీత లేకపోవడం ఆయనకు ఇంకా కోపం తెప్పించింది. ఈసారి తగల్లేదు, వచ్చేసారి తగలదని ఏం నమ్మకం, ఫోను వచ్చినప్పుడంతా నా గుండె ఆగిపోతాంది, ఒప్పందం వద్దు ఏం వద్దు, సామాన్లు సర్దమన్నాడు. ఆ మాట అనేటప్పుడు కూడా అక్క చేతులు వదల్లేదు, కాబట్టి ఆయనను తప్పు పట్టడానికి కూడా లేకపోయింది.

ఆపా మంచం మీద కూర్చుండిపోయింది. రెండు చేతులతో మంచంకోడు పట్టుకుంది. ఆమె ముఖంలో భయం నేను చూసింది అదే మొదటిసారి. నాకూ భయమేసింది. ఆమె పోతే నాకు ఎవరున్నారు ఆ గోడ అవతల? పొద్దున్నే ధబ్‌మనే చప్పుడు లేకుండా నాకు తెల్లవారదు. ఆమెను పంపొద్దని ఆయనతో చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ, తోడబుట్టినవాళ్ళ మధ్య నేనెవర్ని అని ఊరుకున్నాను.

ఆపా మంచంకోడు వదిలి తలెత్తింది.

"సరే, వస్తా. ఒగ పని జెయ్. నా సైకిలెక్కి, నా మాదిరి పడు. ఏం తగలకుండా లేసినావంటే గమ్మున వచ్చి కారెక్కుతా. తగిలితే ఈడ్నే ఉంటా."

"పడేదాంట్లో నేర్సుకునేదేముంది ఆపా? ఎవరన్నా పడతారు," అన్నాడు ఆయన.

"అదే గదా నేను చెప్తాండేది," అంది ఆపా.

ఆయన వీధిలోకి వచ్చి చొక్కా చేతులు మడిచాడు. ఆపా తానే బొంతలు తెచ్చి గేటు ముందు రెండు వరసలు పరిచింది. పందెం పందెమే, తమ్ముడు తమ్ముడే. లేడీస్ సైకిలు మీద ఆయన మోకాళ్ళు హ్యాండిలుకు తగులుతున్నాయి. ఒక చుట్టు చుట్టి, బొంతల వైపు తిప్పాడు. పడటానికి ముఖం కూడా సిద్ధం చేసుకున్నాడు. సరిగ్గా అప్పుడు జేబులో ఫోను మోగింది. మండీ మనిషి చెయ్యి కదా, ఫోను మోగితే ఆగదు. ఒక చేత్తో ఫోను తీశాడు, సైకిలు బొంతలను దాటిపోయింది, మనిషి మట్టిరోడ్డు మీద పడ్డాడు. ఫోను పట్టుకున్న చెయ్యి పైన నిటారుగా నిలబడి ఉంది. రెండో చెయ్యి ఆయన కిందే ఉంది.

"ఫోనుకేం కాలేదు," అన్నాడు పడుకునే. ఆ తర్వాత మణికట్టు చూసుకున్నాడు. అది అప్పటికే వంకర తిరిగి, ఉబ్బుతోంది.

ఎదురింటి కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. నేనూ నవ్వేదాన్నే. కానీ ఆపా పరిగెత్తిపోయి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, అయ్యో నా బిడ్డ, నా నోట్లో మన్నుపడ అని ఏడుస్తోంది. పందెం గెలిచిన మనిషి అట్లా ఏడవగలదని నేననుకోలేదు.

ఎముకలకు కట్టు కట్టే ఆయన ఇల్లు రెండు సందుల అవతల. ఆ సందుల్లో కారు పట్టదు. ఆటో పిలుద్దామంటే స్టాండులో అందరూ తెలిసినవాళ్ళే, పులివెందుల దాకా చెప్పుకుంటారని తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. నడుద్దామంటే రెండడుగులకే కళ్ళు తిరిగాయి. ఆపా కళ్ళు తుడుచుకుని, బురఖాకు క్లిప్పులు పెట్టుకుని, సైకిలెక్కింది. మేం ఆయనను క్యారియరు మీద కూర్చోబెట్టి, తువ్వాలుతో చెయ్యి మెడకు కట్టి, వెనక నుంచి తోశాం. సైకిలు మూలిగింది గానీ కదిలింది. "వస్తాండా, వస్తాండా" అని ఆపా కేకేస్తోంది. వెనక అంత మీసం, అంత తెల్లచొక్కా, కాళ్ళు నేలకు తగలకుండా పైకెత్తి పట్టుకుని కూర్చుని ఉంది. అరుగుల మీద ఆడవాళ్ళు ముసుగులు సర్దుకుంటూ లేచి నిలబడ్డారు.

మురిక్కాలువ దగ్గర మలుపులో సైకిలు ఒరిగింది. ఆయన అక్క నడుం గట్టిగా పట్టుకుని, పడతామేమో ఆపా అన్నాడు.

"పడితే పడతాం. ఈసారన్నా ఫోను ఇడిసిపెట్టు."

పడలేదు. కట్టు కట్టే ఆయన వాకిట్లో చాలామంది ఉన్నారు. బెంచీ మీద ఉన్న ఇద్దరు తమ్ముణ్ణి గుర్తుపట్టి లేచి, ఏమైందన్నా అని అడిగారు. ఆయన తువ్వాలు సర్దుకుంటూ లోపలికి పోయాడు. లోపల కట్టు కట్టే ఆయన మణికట్టు నొక్కి చూస్తూ, ఎట్ల పడినావప్పా అని అందరికీ వినపడేటట్టే అడిగాడు. మా పక్క మగవాళ్ళు దీనికి చెప్పే జవాబు ఒకటే, బాత్రూములో జారినానని. అదే చెప్తాడనుకున్నాం. ఆపా కూడా తల దించుకుంది, తమ్ముడి అబద్ధానికి తాను అడ్డం కాకూడదని.

తమ్ముడు ఒకసారి అక్క వైపు చూశాడు.

"సైకిలు మీద నుంచి పడినా. నాకు పడేది రాదప్పా, మా ఆపాకు వస్తాది. ఆమె ఈడ్నే ఉంటాది గదా, నిమ్మళంగా నేర్సుకుంటాలే."